ఎడమ చెయ్యి కొంచెం వదులుగా

ఆస్పత్రి తిరుగుళ్ళు అయిపోయి, తల మీద వెంట్రుకలు మళ్ళీ దువ్వెనకు అందేంత పెరిగాక, ఒకరోజు పొద్దున అందరినీ పంపించి బీరువా తెరిచాను. గడ్డ కనిపించి, ఎడమ రొమ్ము పూర్తిగా తీసేసి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా నేను నైటీల్లోనే బతికాను. నైటీ మీద ఒక చున్నీ. ఇంటికి ఎవరైనా వస్తే ఆ చున్నీని ఇంకొంచెం ముందుకు లాక్కునేదాన్ని.

ఆ రోజు చేతికి దొరికింది వంకాయ రంగు జాకెట్టు. హుక్కులు పట్టాయి. కుడివైపు ఎప్పటిలాగే కూర్చుంది. ఎడమవైపు గుడ్డ ముడతలు పడి లోపలికి పోయింది. అది నేను ఊహించుకున్నదే. ఊహించనిది చెయ్యి. చంకలో గడ్డలు కూడా తీసేయడంతో నా ఎడమ చేతికి నీరు చేరుతూ ఉంటుంది. విప్పబోతే జాకెట్టు చెయ్యి మోచేతి పైన ఇరుక్కుపోయి, ఇటు రాదు, అటు పోదు. చివరికి అత్తను పిలిచాను.

మా అత్త చాపాడు దగ్గర పల్లె మనిషి. మాట మోటుగా ఉంటుంది. ఆపరేషన్ అయిన కొత్తలో నా చెయ్యి పైకి లేవనప్పుడు రోజూ నీళ్ళు పోసింది ఆవిడే. నా గాటును మా ఆయన కంటే ముందు చూసిందీ ఆవిడే.

"కత్తెర తీసుకురా అత్తా, కత్తిరించి తీసేద్దాం" అన్నాను.

"మంచి గుడ్డను యాల కత్తిరిస్తావు? గమ్మునుండు" అని చెంబులో సబ్బునీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి, కొంచెం కొంచెంగా లాగింది. లాగుతూ నా మొహం చూడలేదు. జాకెట్టు చేతికొచ్చాక దాన్ని పిండి తీగ మీద ఆరేసి, మళ్ళీ చెనక్కాయలు ఒలుచుకోవడానికి పోయింది.

మా వీధి చివర ఒక టైలరు ఉన్నాడు. నేను ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చినప్పటి నుంచీ నా జాకెట్లు ఆయనే కుట్టేవాడు. ఆయన దగ్గర టేపు పట్టి కొలవడం ఉండదు. ఆది జాకెట్టు, అంటే ఒంటికి సరిగ్గా సరిపోయే పాతదొకటి, ఇస్తే దాన్ని పరిచి కొత్తది కోస్తాడు. మరుసటి వారం ఒక గుడ్డ ముక్క పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను.

"ఆది యాడమ్మా?" అన్నాడు గుడ్డ మడత విప్పుతూ.

"పాత ఆది ఇప్పుడు సరిపోదన్నా."

"సన్నబడినారా, లావైనారా?"

అడిగింది మామూలు ప్రశ్నే. అంగట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఫాల్స్ కోసం నిలబడి ఉన్నారు. సన్నబడ్డానని చెప్పనా? ఒకవైపు మాత్రమే సన్నబడ్డానని చెప్పనా? "మళ్ళీ వస్తా" అని గుడ్డ తీసుకుని బయటపడ్డాను. ఆయన వెనకనుంచి "లోపల మా ఇంటామె ఉంది, కొలతలు తీసుకుంటాదిలేమ్మా" అని పిలిచాడు. వెనక్కి తిరగలేదు. ఆయన తప్పేమీ లేదు.

మా ఆయనకు బోరు మోటార్లు, పైపులు అమ్మే అంగడి ఉంది. ఏ సమస్యకైనా ఆయనకు తోచే మార్గం, సరిపోయే సామాను వెతికి తేవడం. నేను గుడ్డతో తిరిగొచ్చానని తెలిసి, బజారుకు పోయి నాలుగు రెడీమేడ్ చుడీదార్లు తెచ్చాడు. ఒకదానికంటే ఒకటి పెద్ద సైజు. చేతికి సరిపోయినది భుజాల మీద జారిపోయింది. భుజాలకు సరిపోయినది చేతికి పట్టలేదు. "ఇంకా పెద్దది తెచ్చేదా?" అన్నాడు. ఆయన గొంతులోని భయం గమనించి నవ్వు తెచ్చుకుని "వద్దులే" అన్నాను.

నిజంగా నన్ను కుదిపింది మా అమ్మాయి. అప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు ఉందని చెప్పి, నేను జవాబిచ్చేలోపే "నాన్న వస్తాడులేమా, నువ్వు రావద్దు" అంది. ఆ మాటలో విసుగు లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదన్న జాగ్రత్త ఉంది. పదహారేళ్ళ పిల్ల నా తరఫున ముందే సర్దుకుపోవడం నేర్చుకుందని అర్థమైంది. ఆ సాయంత్రం అన్నం వండుతూ దాని గురించే ఆలోచించాను. కుక్కరు కూతలు లెక్కపెట్టడం మరిచిపోయి అన్నం మెత్తగా చేశాను.

ఆ దసరా సెలవుల్లో జమ్మలమడుగు పోయాను. మా అమ్మ అక్కడ నా తమ్ముడి కుటుంబంతో ఉంటుంది. మా చిన్నప్పుడు అమ్మ కాలితో తొక్కే మిషిను మీద మా గౌన్లు, లంగాలు కుట్టేది. ఇప్పుడు ఆ మిషిను మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ రిమోటు, మందుల పెట్టె, తాళాలు పెట్టుకున్నారు.

"నాకు నేర్పుమా. నా గుడ్డలు నేనే కుట్టుకుంటా" అన్నాను.

అమ్మ నా వైపు కాసేపు చూసింది. చిన్నప్పుడు నేర్చుకోమంటే పారిపోయినదాన్ని. ఆ మాట అనలేదు. మిషిను మీది సామాన్లు తీసి మంచం మీద పెట్టి, గది తలుపు గడియ వేసి, టేపు చేతిలోకి తీసుకుంది.

"నైటీ తియ్యి."

"పైనుంచి కొలువుమా."

"పైనుంచి కొలిస్తే నైటీకి సరిపోతాది, నీకు కాదు."

ఆస్పత్రిలో అమ్మ నా పక్కనే ఉంది కానీ, కట్టు విప్పేటప్పుడు బయటకు పంపేసేదాన్ని. గాటును అమ్మ చూడటం అదే మొదటిసారి. చూసింది. టేపు చల్లగా తగిలింది. "కుడి పక్క" అని ఒక అంకె చెప్పింది. "ఎడం పక్క" అని ఇంకో అంకె చెప్పింది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, భుజం నుంచి నడుము దాకా రెండు వైపులా వేరువేరుగా. ఎవరో తెలిసినామె బిడ్డకు లంగా కొలిచినట్టే చెప్పింది. అంతా అయ్యాక "టీ పెడతా" అని వంటింట్లోకి పోయింది. చాలాసేపటికి వచ్చింది. మొహం కడుక్కుని ఉంది. టీ లేదు.

ఆస్పత్రిలో కూడా నన్ను చాలాసార్లు కొలిచారు. గడ్డ ఎంత ఉంది, ఎంత దూరం పాకింది, ఎంత తీయాలి. ప్రతి అంకె వెనకా ఒక భయం ఉండేది. అమ్మ చెప్పిన అంకెలు వింటూ ఉంటే నాకు భయం వేయలేదు. ఎడమవైపు తక్కువ, చెయ్యి ఎక్కువ. ఉన్నది అంతే. దానికి తగ్గట్టు గుడ్డ కోయాలి.

మొదట కుట్టింది లంగా, తర్వాత దిండు గలీబు, తర్వాత ఒక కుర్తా. సెలవులన్నీ తొక్కుడుకే సరిపోయాయి. నేను ముందుకు తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది. మేనల్లుడు, మేనకోడలు వచ్చి నవ్వేవాళ్ళు. కుర్తా మెడ నా తల పట్టనంత చిన్నదైంది. అమ్మ దాన్ని విప్పుతూ "తలకాయ పట్టకపోతే ఏం, ఎండాకాలం కుండకు కప్పుదాం" అంది.

జాకెట్టు సంగతి వచ్చేసరికి ఇంకో చిక్కు. ఎంత సరిగ్గా కుట్టినా ఎడమవైపు ఖాళీ ఖాళీయే కదా. ఆస్పత్రివాళ్ళు స్పాంజి ముక్క ఒకటి ఇచ్చారు. అది తేలిక. చెయ్యి ఎత్తితే మెడ దగ్గరికి తేలుతుంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బరువు లేనిది నిలబడదు" అని లేచి పోపుడబ్బా తెచ్చింది.

"ఆవాలా?" అన్నాను.

"నీ బిడ్డలు పుట్టినప్పుడు తల కింద ఆవాల దిండు కుట్టిచ్చినా గదా. మెత్తగా ఉంటాది, ఎట్ల వంగితే అట్ల వంగుతాది, యాడ పెడితే ఆడ ఉంటాది."

తన పాత నూలుచీర అంచు పక్కన మెత్తబడిన చోట కోసి, దూది పెట్టి, మధ్యలో ఆవాలు పోసి కుట్టింది. మొదటిసారి బరువెక్కువైంది. కొన్ని తీసేసింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే గుప్పెడంత వెచ్చని వస్తువు. దాన్ని జాకెట్టు లోపల చిన్న సంచిలా కుట్టిన గుడ్డలో దూర్చి వేసుకున్నాను. వంగాను. చెయ్యి ఎత్తాను. అది కదల్లేదు. అద్దంలో చూసుకుంటే, ఎవరో నాకు బాగా తెలిసిన మనిషి ఎదురుగా నిలబడినట్టు అనిపించింది.

మిషినును ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరు వచ్చాను.

కుట్టడం కంటే కష్టమైన పని, కుట్టడానికి చోటు, సమయం దొరికించుకోవడం. మాది మూడు గదుల ఇల్లు. పొద్దున ఇద్దరు పిల్లల క్యారియర్లు, మా ఆయన టిఫిను, అత్తకు సంగటి, పదకొండుకల్లా వంట. మధ్యాహ్నం మా ఆయన ఇంటికి భోజనానికి వస్తే నేను అంగట్లో కూర్చోవాలి. మిషినును హాల్లో ఫ్రిజ్జు పక్కన పెట్టాము. దాన్ని చూడగానే ఇంట్లో అందరికీ చిరుగులు గుర్తొచ్చాయి. అబ్బాయి స్కూలు ప్యాంటు జిప్పు, మా ఆయన చొక్కా గుండీలు, పక్కింటివాళ్ళ కర్టెన్లు. నా కుర్తా గుడ్డ అన్నిటికీ అడుగున ఉండేది.

"దుడ్లిస్తే కుట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉండారు. చెయ్యి నొప్పి పెట్టుకుని నువ్వెందుకు తొక్కుతాండావు?" అనేది అత్త. ఎందుకో చెప్పేదాన్ని కాదు. నాకే పూర్తిగా తెలియదు.

ఒకరోజు పాత పేపర్ల మీద నా కొలతలు గీసి, ముక్కలు ముక్కలుగా కోసి, మిషిను మీద పెట్టి అంగడికి పోయాను. ముందు పేపరు మీద సరిచూసుకుని తర్వాత గుడ్డ కోయమని అమ్మ చెప్పింది. ఆ ముక్కలు కుదరడానికి నాకు వారం రోజుల తీరిక పట్టింది. తిరిగొచ్చి చూస్తే మిషిను ఖాళీగా ఉంది. మిద్దె మీద అత్త బూడిదగుమ్మడి వడియాలు పెడుతోంది. అడుగున నా ముందు భాగం, నా వెనక భాగం, నా ఎడమ చెయ్యి. వాటి మీద పిండి ముద్దలు.

"అత్తా! అవి నావి!"

"పాత పేపర్లే గదా? ముక్కలు ముక్కలుగా ఉంటే చెత్తనుకున్యా."

నేను అరిచాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "ఈ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఒక కాగితం ముక్కన్నా ఉండాదా? అందరి చిరుగులూ కుట్టల్ల, నాదొక్కటి కుట్టుకుంటే మాత్రం ఎందుకు ఎందుకని అడుగుతారు. ఎందుకంటే నేను పది మందిలోకి పోవాల. నైటీలో పోలేను. అందుకు!" ఆ మాట అన్నాకే నాకు కూడా తెలిసింది అందుకేనని. ఏడుపొచ్చి కిందికి దిగిపోయాను.

అత్త ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మరునాడు నేను వంటింట్లో ఉండగా లోపలి గదిలో ఏదో ఈడ్చుతున్న చప్పుడు. పోయి చూస్తే, కిటికీ పక్కన తన మంచాన్ని ఒక్కతే లాగుతోంది. ఆ కిటికీ దగ్గరే ఇంట్లో వెలుతురు, గాలి. మామ పోయినప్పటి నుంచీ ఆ చోటు ఆవిడది.

"ఏంది అత్తా ఇది?"

"చూస్తా నిలబడుకోక ఆ పక్క పట్టు. నాకు యాడ పండుకున్నా నిద్ర వస్తాది. నీ మిషిను ఈడ పెట్టుకో. గీసినేవి యాడ పెడితే ఆడే ఉంటాయి. ఎవురూ ముట్టరు."

వడియాల కిందివి ఆరాక చూశాం. ఎందుకూ పనికిరాలేదు. మళ్ళీ గీశాను. రెండోసారి వేగంగా వచ్చాయి.

అప్పటి నుంచి వంట అయ్యాక, అంగడికి పోయేముందు దొరికే ఆ కాస్త సమయం నాదైంది. కరెంటు పోయినా తొక్కుడు మిషిను ఆగదు. మా ఆయన ఆదివారం పూట మోటార్లకు వేసే నూనె తెచ్చి చక్రానికి వేసి, వదులైన బెల్టు మార్చి, "ఇప్పుడు తొక్కి చూడు" అనేవాడు. ఆయన నా ఆపరేషన్ గురించి నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. మిషిను గురించి మాత్రం చాలా మాట్లాడేవాడు. ఏ స్క్రూ ఎందుకు అరుగుతుందో, ఏ పట్టీ ఎంత బిగువు ఉండాలో. వింటూ ఉండేదాన్ని. మా ఇద్దరికీ అది సరిపోయింది.

ఒక కుర్తా, తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంట్లోకి రెండు నూలు జాకెట్లు. అన్నిటికీ ఎడమ చెయ్యి కొంచెం వదులుగా. చెయ్యి బాగా ఉబ్బిన రోజు కోసం పక్కకుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదిలేదాన్ని. మొదటి కుర్తాకు ఒక చెయ్యి తిరగేసి కుట్టాను. విప్పడానికి ఓపిక లేక అట్లాగే వేసుకుని ఇంట్లో తిరిగాను. ఎవరూ కనిపెట్టలేదు. లోకం మన గుడ్డల్ని మనం అనుకున్నంత గమనించదని అప్పుడే తెలిసింది.

ఒకరోజు జాకెట్టు వేసుకుని వంట చేస్తున్నాను. అత్త వంటింటి గడప దగ్గర ఆగి నేల వైపు చూసింది.

"పోపుడబ్బా యాడన్నా ఒలికిందా? హాల్లోనుంచి ఈడిదాకా ఆవాలే."

నేను కిందికి చూశాను. ఫ్రిజ్జు దగ్గరనుంచి పొయ్యి దాకా, నేను నడిచిన దారంతా సన్నగా ఆవాల గీత. చేత్తో తడుముకున్నాను. కుట్టు ఊడింది. ఎడమవైపు సగం ఖాళీ అయింది. అత్త నా చేతి వైపు చూసింది, నేల వైపు చూసింది. ముందు ఆవిడకే నవ్వొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. చేతిలోని గరిటె కింద పడేదాకా నవ్వాను. ఆపరేషన్ గురించి ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

"ఇంకో వరస కుట్టెయ్యి. పెండ్లిలోనో పేరంటంలోనో అయ్యుంటే ఏం చేద్దువు?" అంది చీపురు తీసుకుంటూ.

తర్వాతి మీటింగుకు అమ్మాయి కాలేజీకి పోయాను. నీలం కుర్తా, నేను కుట్టిందే. అమ్మాయి గేటు దగ్గర ఎదురొచ్చి నా వెనకా ముందూ చూసి, "మెడ కొంచెం వంకరగా ఉండాదిమా" అంది. "ఉండనీలే" అన్నాను. నా చెయ్యి పట్టుకుని అందరి మధ్యనుంచి తీసుకుపోయింది.

ఆ వేసవిలో పులివెందులలో మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అక్కకు అన్నీ ఘనంగా చేయాలని ఉంటుంది. మా వైపు ఆడవాళ్ళంతా ఒకే రకం పట్టుచీరలు కట్టుకుని, ఒకే రకం మగ్గం వర్కు జాకెట్లు వేసుకోవాలని నిర్ణయించింది. ఫోన్ చేసి, "ఆది పంపిచ్చు. ఈడ కుట్టిస్తాండా" అంది.

"నాది నేను కుట్టుకుంటానక్కా. గుడ్డ పంపు."

"ఇంట్లో కుట్టింది పెండ్లిలో ఏస్కుంటావా? ఫోటోలో నువ్వొక్కదానివే వేరేగా కనపడతావు. చేతగాకనేమో అనుకుంటారు మా వాళ్ళు."

"అక్కా, వాళ్ళు కుట్టింది నాకు సరిపోదు. నా ఒళ్ళు రెండు పక్కలా ఒక తీరుగా లేదు."

"పైట నిండుగా కప్పుకుంటే ఎవురికి తెలుస్తాది? ఒక్కరోజు సర్దుకోలేవామ్మే?" అంది, ఈసారి మెల్లగా.

"ఏడాది సర్దుకున్యా. ఇంక సర్దుకోను."

ఫోన్ పెట్టేసింది. నాకు బాధేసింది. అక్క చెడ్డది కాదు. చిన్నప్పుడు నా జడ వేసి బడికి పంపింది ఆమే. నా జబ్బు గురించి ఎవరూ గుచ్చిగుచ్చి అడగకుండా ఉండాలనే ఆమె తాపత్రయం. కానీ దాచిపెట్టడం ఆమెకు మర్యాద, నాకు ఊపిరాడకపోవడం. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడో రోజు బస్సులో ఎవరి చేతనో గుడ్డ పంపించింది. ముదురు ఎరుపు పట్టు.

పట్టు భయపెడుతుంది. నూలు అయితే తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. పట్టు మీద సూది దిగిన చోట చిల్లి ఉండిపోతుంది. ముందు ఒక పాత పంచెతో మొత్తం జాకెట్టు కుట్టి, వేసుకుని, ఇంట్లో పనంతా చేసి చూశాను. నీళ్ళ బిందె ఎత్తాను. పై అరలో డబ్బాలు తీశాను. ఎక్కడ పట్టేస్తోందో అత్త చూసి చెప్పేది. అమ్మాయి ఫోన్లో వీడియోలు చూసి, "రెండు చేతులకూ భుజం దగ్గర చిన్న కుచ్చులు పెడితే ఒకటి వదులు, ఒకటి బిగువు అని తెలీదుమా" అంది. నాకు తట్టని ఆలోచన. అట్లాగే కుట్టాను. మగ్గం వర్కు లేదు. మెడ చుట్టూ అంచు మాత్రం పట్టీగా వేశాను.

పెళ్ళింట్లో ఒకే గదిలో ఆడవాళ్ళంతా తయారవుతున్నారు. అంతకుముందైతే బాత్రూమ్ ఖాళీ అయ్యేదాకా కాచుకునేదాన్ని. ఆ రోజు గోడవైపు తిరిగి అక్కడే జాకెట్టు మార్చుకున్నాను. చీర కట్టుకోవడం అయ్యాక అక్క వచ్చింది. నా పైటను సవరించడానికి చెయ్యి ముందుకు చాచి, నిండుగా లాగబోయి, ఆగిపోయింది. భుజం దగ్గర కుచ్చులు వేలితో తాకింది.

"నువ్వే కుట్టినావా?"

"ఆ."

"బాగుండాది." అంతకంటే ఏమీ అనలేదు. కానీ ఫోటో తీసేటప్పుడు నన్ను చివర నుంచి లాక్కొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది.

భోజనాల దగ్గర ఒకామె నన్నే చూస్తోందని గమనించాను. బావ తరఫు మనిషి, తొండూరు దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోటలున్న ఇల్లు. యాభై దాటి ఉంటాయి. నల్ల జాకెట్టు, ఎడమ భుజం మీద మడిచి వేసుకున్న తువ్వాలు. ఎదురు వరసలో కూర్చుని నా ముఖం చూస్తుంది, నా జాకెట్టు చూస్తుంది, మళ్ళీ విస్తరి వైపు చూస్తుంది. నాకు ఒళ్ళు మండింది. సగంలో లేచి చేతులు కడుక్కోవడానికి పోయాను. ఆమె వెనకే వచ్చింది. కుళాయి దగ్గర ఎవరూ లేరని చూసుకుని, నా దగ్గరగా జరిగి, "నీకూ తీసేసినారంటనే?" అంది.

నీకూ, అంది. నేను ఆమె తువ్వాలు వైపు చూశాను.

"నాకు శానా ఏండ్లయింది" అంది. "ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవురికీ తెల్దు. గుడ్డలు కుక్కుకుంటా. వంగితే జారిపోతాయి. ఒకసారి చెనక్కాయలు పెరికేకాడ అందురి ముందరా పడిపోయినాయి. చెమట తుడుచుకునే గుడ్డ అని చెప్పినా." చెప్తూ నవ్వింది. "అప్పటినుంచి పది మందిలోకి వచ్చేది మానుకున్యా. ఈ పెండ్లికి గూడా రాననే అన్యా. మీ అక్క వచ్చి బలవంతం చేసి తీసుకొచ్చింది. నిన్ను చూస్తాంటే... ఎట్ల కుట్టినారమ్మా ఆ జాకెట్టు? యాడ కుట్టిచ్చినావు?"

"నేనే కుట్టుకున్యా."

ఆమె నమ్మలేదు. చెయ్యి పట్టుకుని పెళ్ళింటి వెనక గదిలోకి తీసుకుపోయి, తలుపు వేసి, విప్పి చూపించాను. లోపలి సంచి, ఆవాలు, పక్కకుట్టులో వదిలిన గుడ్డ. ఆమె వేళ్ళతో అన్నీ తడిమి చూసింది. ఎంతోకాలంగా ఒక్కతే మోసిన సంగతిని పక్కన పెట్టి కూర్చున్న మనిషిలా, బియ్యం మూట మీద కూర్చుండిపోయింది.

"నాకూ ఒకటి కుట్టిస్తావా పాపా?" అంది.

ఇంకొకరికి కుట్టేంత పనితనం నాకుందని నేను అనుకోలేదు. ఆ మాటే చెప్పాను. "వంకరగా వచ్చినా పర్వాలేదు" అంది.

పెళ్ళయిన నెలలోపే, ముందుగా ఫోన్ చేసి, సంచి నిండా చీనీకాయలతో ప్రొద్దుటూరు వచ్చింది. ఆమెను గదిలోకి తీసుకుపోయి తలుపు మూశాను. టేపు నా చేతిలో ఉంది. ఆమె గాటు నాదానికంటే పొడవు, కుట్లు మోటు. అంకెలు మామూలుగా చెప్పాను. కుడి పక్క ఇంత. ఎడం పక్క ఇంత. ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది.

ఆ మధ్యలో వీధి తలుపు చప్పుడైంది. పక్కింటామె ఏదో అడగడానికి వచ్చింది. గది బయట అత్త గొంతు వినిపించింది.

"లోపల కుట్టుపని ఉండాది. ఇప్పుడు ఎవురూ పోగూడదు. సందేళ రా."

"ఎవురొచ్చినారు పెద్దమ్మా?"

"మా కోడలి కోసం వచ్చినారులే."

ఆ జాకెట్టు నిజంగానే కొంచెం వంకరగా వచ్చింది. రెండోసారి సరిచేసి ఇచ్చాను. ఆమె వేసుకుని, భుజం మీది తువ్వాలు తీసి మడిచి సంచిలో పెట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. అత్తను పిలిచి చూపించింది. అత్త చుట్టూ తిరిగి చూసి, వీపు మీద ముడత ఒకటి ఉందని నాకు చెప్పింది.

"ఎప్పుడూ నల్లదేనా? ఇంకో రంగు యాల ఏసుకోవు?" అని ఆమెను అడిగింది.

"నల్లదాంట్లో ఏమీ తెలియదని. ఇంక అవసరం లేదు గదా" అంది ఆమె. కాసేపు ఆలోచించి, "చిలకపచ్చ ఉంటాదే, చిన్నప్పుడు నాకు అది శానా ఇష్టం" అంది.

"అంగళ్ళు ఇప్పుడే తెరిచింటారు. రా పోదాం" అని అత్త చెప్పులు వేసుకుంది. ఇద్దరూ వీధిలోకి దిగి, ఒకరికొకరు అడ్డం వస్తూ, ఎండలో బజారు వైపు నడిచారు. నేను గడపలో నిలబడి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి పొయ్యి మీద పప్పు దించాను.